ముత్యపు పొరల్లో రుతువులు

సముద్రానికి ఎంతో దూరాన ఉన్న హైదరాబాద్ పాతబస్తీకి ముత్యాల బజారుగా పేరు రావడం వెనుక, పర్షియన్ గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలన్న పేరుతో దిగిన సరుకును కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఏరి, తొలిచి, దండలు గుచ్చిన పనివారి నేర్పు ఉన్నది. ఆ నేర్పును కొనియాడేవారు దానికి ముందే నీటి అడుగున సాగిన ఆల్చిప్ప జీవితాన్ని తలచుకోకపోవడం మాత్రం పెద్ద లోటు.

సముద్రపు ముత్యపుచిప్పలు అండాలను, శుక్రకణాలను నీటిలోకే విడుస్తాయి. అక్కడే ఫలదీకరణ జరిగి పుట్టిన డింభకం, అంటే ఈదులాడే పసిరూపం, కొన్ని వారాలు అలలపై తేలి, చివరకు రాతికో మరో చిప్పకో సన్నని దారాలతో అంటుకుని స్థిరపడుతుంది. మన్నార్ సింధుశాఖలో ఈ సంతానోత్పత్తి నైరుతి, ఈశాన్య రుతుపవనాల వేళల్లో రెండు విడతలుగా ముమ్మరిస్తుంది. తెలంగాణ చెరువుల్లోని లామెల్లిడెన్స్ జాతి మంచినీటి ఆల్చిప్పల తీరు వేరు: తల్లి మొప్పల్లోనే పెరిగిన పిల్లలు బయటపడ్డాక చేపల మొప్పలను, రెక్కలను పట్టుకుని కొంతకాలం పరాన్నజీవులుగా బతకాలి కాబట్టి, చేపలు చచ్చిపోయేంతగా మురికిపట్టిన చెరువులో ఆల్చిప్పల వంశం కూడా నిలవదు. చెరువుల గురించి ఇంత మాట్లాడే నగరంలో ఈ సంగతికి మరింత చోటు దక్కవలసింది.

చిప్పను, ముత్యాన్ని నిర్మించేది శరీరాన్ని కప్పి ఉండే మాంటిల్ అనే మెత్తని పొర. అది నీటిలోని కాల్షియంతో అరగొనైట్ అనే ఖనిజాన్ని మిల్లీమీటరులో సుమారు 2,000వ వంతు మందమున్న పలకలుగా పేర్చి, మధ్యన కాంకియోలిన్ అనే మాంసకృత్తును జిగురుగా పూస్తుంది. ఆ మందం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండటం వల్లనే ముత్యానికి ఇంద్రధనుస్సు ఛాయలు కలుగుతాయి. వెచ్చని నీటిలో పొరలు త్వరగా, మందంగా పేరుకుంటాయి, చలికాలంలో నెమ్మదిగా, పలుచగా, నునుపుగా పడతాయి; జపాన్ సాగుదారులు ముత్యాలను శీతాకాలంలో తీసేది ఈ చివరి పొరల మెరుపు కోసమే. అండాలతో నిండిన చిప్పకు శస్త్రచికిత్స చేస్తే బీజం, అంటే ముత్యపు పొరలు పేరుకునేందుకు లోపల నాటే పూస, సరిగా నిలవదు గనుక, అక్కడివారు దాని సంతానోత్పత్తి దశను చూసుకున్నాకే బీజాన్ని నాటుతారు. మన దేశంలో తూత్తుకుడి సమీపాన శాస్త్రవేత్త కె. అలగరస్వామి 1973లో సాధించిన సాగు ముత్యం వెనుక కూడా ఈ జీవశాస్త్రమే ఉన్నది.

నేడు పాతబస్తీలోని పత్థర్‌గట్టి, చార్‌కమాన్ దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి చైనా మంచినీటి ముత్యాలు. వాటిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచి ఎండకు పెట్టి తెల్లబరుస్తారు. అది శ్రుతిమించితే పలకలను పట్టి ఉంచిన జిగురే దెబ్బతింటుంది. కొనేవారు గుండ్రదనాన్ని, తెలుపును మాత్రమే అడగకుండా, ఉపరితలంలో తమ ముఖం ఎంత స్పష్టంగా కనబడుతున్నదో చూడాలి. తొలిచే పనివారికి ఈ పొరల స్వభావం వేళ్లకే తెలుసు: బర్మాను ఒకే వైపు నుంచి దూరిస్తే అది బయటపడే చోట పెచ్చు లేస్తుందని, రెండు వైపుల నుంచీ సగం సగం తొలిచి రంధ్రాన్ని నడుమ కలుపుతారు.