కొనలేని స్టేషన్

బొమ్మ రైలు కొనుక్కోవచ్చు. దాంతోపాటు జర్మనీ పల్లెలోని చర్చి, ఇంగ్లండు స్టేషన్‌లోని సిగ్నల్ గది, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ టోపీ దొరలు కూడా అట్టపెట్టెల్లో దొరుకుతారు. పాకాలకీ చిత్తూరుకీ మధ్యనున్న పూతలపట్టు లాంటి స్టేషన్ మాత్రం ఏ పెట్టెలోనూ రాదు. తయారు భాగాల జోలికి పోకుండా అట్టా చెక్కా ప్లాస్టిక్ రేకూ కోసుకుని భవనాన్ని మొదటినుంచీ చేత్తో కట్టడాన్ని మోడల్ రైల్వే వాళ్లు స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. ఐరోపాలో అది చేయి తిరిగినవాళ్లు ఇష్టంకొద్దీ ఎక్కే పైమెట్టు. మనకి అదే మొదటి మెట్టు, వేరే దారి లేదు. ఈ లేమే మనకి లాభమని నా వాదన. కొన్న భవనం మనల్ని ఏమీ అడగదు. కట్టుకునే భవనం అడుగడుగునా నిలదీస్తుంది, జవాబు కోసం ఊరి మీదికి తోలుతుంది.

చిక్కు పట్టాల దగ్గరే మొదలవుతుంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలులో అసలు వస్తువు 87 రెట్లు తగ్గుతుంది. అందులో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1,435 వస్తుంది, అది ఐరోపా, అమెరికాల గేజి. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. ఆ లెక్కన బొమ్మ పట్టాల మధ్య 19 మిల్లీమీటర్లు దాటాలి, అలాంటివి మామూలుగా అంగట్లో దొరకవు. పాకాల చుట్టూ నడిచిన మీటర్‌గేజి రోజుల్ని చూపించాలంటే లెక్క ఇంకో రకం. పంతొమ్మిదో శతాబ్దం చివర సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ వేసిన ఆ లైన్లు ఈ శతాబ్దం మొదట్లో బ్రాడ్‌గేజికి మారిపోయాయి. వాటికి సరిపడే 12 మిల్లీమీటర్ల పట్టాలు మాత్రం దొరుకుతాయి, అదీ మన పుణ్యం కాదు. స్విట్జర్లాండు కొండల్లోని రేటియన్ రైల్వే కూడా మీటర్‌గేజిదే కాబట్టి బెమో అనే జర్మన్ కంపెనీ ఆ నమూనాలు చేస్తుంది. ఆ పట్టాల పక్కన పెట్టుకోమని అమ్మే స్టేషన్లు మంచు కురిసే దేశానివి. చిత్తూరు ఎండలో వాటిని నిలబెడితే నవ్వొస్తుంది.

కాబట్టి కొలతల టేపు పట్టుకోవాలి. గోడని ఫొటో తీసేటప్పుడు పక్కన మీటరు కర్ర నిలబెడితే తర్వాత ఏ కొలతైనా ఫొటోలోంచే లాగొచ్చు. చేతికందని ఎత్తుల్ని ఇటుక వరసలు లెక్కపెట్టి తేల్చుకోవాలి. ఏడడుగుల తలుపు 24.5 మిల్లీమీటర్లకి దిగుతుంది. మూడంగుళాల ఇటుక మందం మిల్లీమీటరు కూడా ఉండదు. పనిముట్లు పెద్దగా అక్కర్లేదు: మౌంట్ బోర్డు, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, ఫెవికాల్. ఒక్క కోతతో తెగ్గొట్టాలని చూస్తే అట్ట అంచు చీలుతుంది. అదే గీత మీద నాలుగైదుసార్లు తేలిగ్గా పోవాలి. కొత్తవాళ్ల భవనం పెట్టెలా కనబడటానికి కారణం దాదాపు ఎప్పుడూ కిటికీయే. పాతకాలపు గోడ అడుగున్నర మందం ఉందనుకుంటే స్కేలులో అది అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. పలచటి అట్టలో కంత కోసి వదిలేస్తే ఆ మందం ఎక్కడిది? వెనక ఇంకో రెండు పొరలు అంటించి కిటికీని లోపలికి జరిపితేనే గోడకి బరువొస్తుంది. ఇక పెంకుల కప్పు. మంగళూరు పెంకు పైకి కనిపించే భాగం సుమారు అడుగు, అంటే మూడున్నర మిల్లీమీటర్లు. మందపాటి కాగితాన్ని సన్నటి పట్టీలుగా కోసి, ఒక అంచున పెంకుల గాట్లు పెట్టి, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి ఒకదానిమీద ఒకటి ఎక్కేలా అంటించుకుపోవాలి. నిజం కప్పు కప్పేవాళ్లదీ ఇదే వరస. పైనుంచి మొదలుపెడితే వాన లోపలికి దిగుతుంది. రంగు వేసేటప్పుడు కూడా వానే దారి చూపిస్తుంది. చూరు నీళ్లు నేలమీద పడి ఎర్రమట్టిని గోడ అడుగున చిమ్ముతాయి, చూరు కింది భాగం మాత్రం తెల్లగానే మిగులుతుంది. జల్లించిన ఎర్రమట్టిని పొడి కుంచెతో ఆ అడుగు మేర అద్దితే చాలు. గోడంతా సమానంగా మాపితే అది మురికి పట్టిన బొమ్మే అవుతుంది, పాత భవనం కాదు.

ఇదంతా దొరల సరదా, మనకెందుకు అనేవాళ్లుంటారు. దసరా కొలువు మెట్ల కింద పార్కు కట్టిన ఇళ్లు చిత్తూరు, తిరుపతి వీధుల్లో కొదవా? మట్టితో కొండ, అద్దంముక్కతో చెరువు, పండగకి కొన్నాళ్ల ముందే రాగులో ఆవాలో చల్లి మొలిపించిన పచ్చిక, ఇవన్నీ అంగట్లో కొననివే. కొండపల్లి బొమ్మల వాళ్లు తెల్లపొణికి చెక్క అతుకుల్ని చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో పూడ్చి నునుపు చేస్తారు. అట్ట భవనం మూలల్లోని సందులకి అంతకంటే మంచి పూత నాకు కనబడదు. మనకి లేనిది చేతిపని కాదు, స్కేలు. కొలువులో ఏనుగు పక్కన దానికంటే పెద్ద చిలక ఉన్నా ఎవరూ పట్టించుకోరు, అక్కడ పట్టించుకోకూడదు కూడా. రైల్వే నమూనాలో మాత్రం తలుపు మనిషికి సరిపోవాలి. ఇది పిల్లల ఆటేనన్న మాటకి రైల్వే వాళ్లే ఎప్పుడో జవాబు చెప్పారు: వాళ్ల శిక్షణ సంస్థల్లో మోడల్ రూములున్నాయి, రైళ్లు నడిపే పద్ధతుల్ని నమూనా పట్టాల మీద నేర్పిస్తారు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. ఫొటోలున్నాయి, త్రీడీ ప్రింటర్లున్నాయి, చేత్తో కోయడం దేనికి? ఇంగ్లండులోని లాంగ్ విటెన్‌హామ్ ఊళ్లో పెండన్ మ్యూజియం ఉంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన, అక్కడి లోయలో గడ్డికప్పు ఇళ్లు ఒక్కొక్కటే రూపు మారిపోతుంటే చూడలేక, ఉన్నవాటిని కొలిచి అడుగుకి నాలుగు మిల్లీమీటర్ల చొప్పున అట్టతో కట్టడం మొదలుపెట్టి, 1954లో ఆ మ్యూజియాన్ని స్థాపించాడు. ఆ ఇళ్ల ఫొటోలు తీసుకోవడం ఆయనకీ చేతనయ్యే పనే. ఫొటో ముందు గోడని చూపించి ఊరుకుంటుంది. వెనక గోడ, పొగగొట్టం మొదలు, రెండు కప్పులు కలిసేచోటు దానికి అనవసరం. కట్టేవాడు వాటిని తప్పించుకోలేడు. ప్రింటర్ సంగతీ అంతే, కొలతలు ఎవరో ఒకరు ఇవ్వాలి. కొలిచి గీసినవాడు ప్రింటర్‌తో పెంకులు అచ్చుపోసుకుంటే నాకే అభ్యంతరమూ లేదు. ఎవరో గీసిన ఫైలు దించుకుని అచ్చుపోస్తే అది పెట్టెలో కొన్న స్టేషనే, పెట్టె మారిందంతే.

భవనం చుట్టూ నేల దగ్గరే మన లేఅవుట్లు ఎక్కువగా దారి తప్పుతాయి. దిగుమతి పచ్చిక చల్లితే పూతలపట్టు కాస్తా ఇంగ్లండయి కూర్చుంటుంది. ఇక్కడి కొండ మీద గుండ్లు ఎక్కువ, పచ్చదనం పొదల్లోనే. వైర్లలోని రాగితీగలు మెలిపెడితే చింతచెట్టు కాండం వస్తుంది, రంగు పట్టించిన రంపపుపొట్టు ఆకులవుతుంది. మామిడితోట ఎడాపెడా పెరిగిన అడవి కాదు. పది మీటర్ల ఎడంతో వేసిన తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య పదకొండున్నర సెంటీమీటర్లు రావాలి, ఏ మూల నుంచి చూసినా వరసలు కనబడాలి. పట్టాల కంకరకి గ్రానైట్ పొడిని టీ వడగట్టితో జల్లిస్తే మిల్లీమీటరు లోపు రవ్వ దిగుతుంది, చిత్తూరు జిల్లాలో దానికి కరువు లేదు. రవ్వ పరిచాక నీళ్లు కలిపిన ఫెవికాల్లో చుక్క గిన్నెల సబ్బు వేసి డ్రాపర్‌తో వదలాలి. సబ్బు లేకపోతే జిగురు లోపలికి ఇంకకుండా ముత్యాల్లా పైనే నిలబడిపోతుంది. రైలు కంచె పక్కన కిత్తనార పొదలు మరవకూడదు, రంగు కాగితాన్ని మొనదేలిన పట్టీలుగా కత్తిరించి గుత్తికడితే సరి.

ఒక అబద్ధం మాత్రం తప్పదు. స్కేలు ప్రకారం కిలోమీటరంటే పదకొండున్నర మీటర్లు, ఏ ఇంట్లో అంత గోడ ఉంది? రెండొందల మీటర్ల ప్లాట్‌ఫాం కూడా రెండు మీటర్లు దాటుతుంది. నమూనా నిజాన్ని కుదిస్తుందన్న విమర్శ న్యాయమైనదే. కుదించడానికి ఒక పద్ధతుంది: పొడవులు తగ్గించవచ్చు, ఎత్తులు తగ్గించకూడదు. ప్లాట్‌ఫాం సగమైనా కన్ను ఊరుకుంటుంది, తలుపు మూడు మిల్లీమీటర్లు తగ్గితే ఊరుకోదు. స్టేషన్ పేరు బోర్డు దగ్గర ఏ రాయితీ కుదరదు. పసుపు పలక మీద నల్లటి అక్షరాలు, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు. ముప్పై సెంటీమీటర్ల అక్షరం మూడున్నర మిల్లీమీటర్లయితే ‘పూతలపట్టు’లోని ట ఒత్తు ఇసుక రేణువంత మిగులుతుంది. దాన్ని కుంచెతో దిద్దడం అనవసరపు పట్టుదల, కాగితం మీద అచ్చువేసి అంటించడమే మేలు.

ఇంత చేశాక పట్టాల మీదికి ఏం తేవాలన్నది ఇంకా తేలలేదు. మీటర్‌గేజి మీద నడిచిన వైపీ ఆవిరి ఇంజన్, తర్వాత వచ్చిన వైడీఎం4 డీజిల్, ఇవి సరైన స్కేలులో కొనాలంటే తేలిగ్గా దొరికేవి కావు. వాటినీ చేత్తోనే చేసుకోవాలి. అది భవనం కంటే చాలా కష్టమైన పని, మోటారూ గేర్లూ అట్ట మాట వినవు. కాబట్టి స్టేషన్ ముందు కట్టడమే సరైన వరస. తోపుడు ట్రాలీ ఒకటి అట్టతో చేసి సైడింగులో నిలబెడితే ఇంజన్ వచ్చేదాకా సరిపోతుంది.