అర్జీ, వాంగ్మూలం, ముచ్చలిక

చైనా గ్రామ సమాజం మీద పని చేసేవాళ్ళకు చెంగ్దూలోని సిచువాన్ ప్రావిన్స్ ఆర్కైవ్స్ పుట్టినిల్లు లాంటిది. అక్కడ ఉన్నది బా కౌంటీ దస్త్రం. బా కౌంటీ అంటే ఇప్పటి చోంగ్‌చింగ్ నగరం, చుట్టుపక్కల పల్లెలు. చింగ్ రాజుల కాలంలో ఆ కౌంటీ కచేరీలో పోగుపడిన కాగితాలు 1752 నుంచి 1911 దాకా దాదాపు 1,13,000 ఫైళ్ళుగా మిగిలాయి. ఆ రోజుల్లో చైనాలో వెయ్యికి పైగా కౌంటీలు ఉండేవి. ఇంత నిండుగా కాగితాలు మిగిలిన కచేరీలు వాటిలో చాలా తక్కువ.

ఇవి మిగలడమే ఒక కథ. జపాన్ విమానాలు చోంగ్‌చింగ్ మీద బాంబులు కురిపిస్తున్న రోజుల్లో వీటిని ఊరి బయట ఒక గుడికి తరలించారు. యుద్ధం ముగిసింది, ప్రభుత్వం మారింది, కాగితాల సంగతి ఎవరికీ పట్టలేదు. 1953లో పాడుబడ్డ ఆ గుడిలో మళ్ళీ కంటపడ్డాయి. సిచువాన్ విశ్వవిద్యాలయం చేతుల మీదుగా 1960లలో ప్రావిన్స్ ఆర్కైవ్స్‌కి చేరాయి. 1997లో చోంగ్‌చింగ్‌ను సిచువాన్ నుంచి విడదీసి నేరుగా కేంద్రం కిందికి తెచ్చినా, కాగితాలు మాత్రం చెంగ్దూలోనే ఉండిపోయాయి. ఆ ఊరి పాత చరిత్ర రాయాలంటే ఈనాటికీ పక్క ప్రావిన్స్ రాజధానికి వెళ్ళాలి.

ఆ ఆర్కైవ్స్‌లో కాగితాలు చూడాలంటే విదేశీయులు చైనాలోని ఒక విశ్వవిద్యాలయం నుంచో, పరిశోధన సంస్థ నుంచో పరిచయ లేఖ పట్టుకెళ్ళాలి. విషయం ఏమిటో రాసివ్వాలి. ఆ లేఖలో రాసిన ఒక్క వాక్యాన్ని బట్టే ఏ కట్టలు అడగవచ్చో తేలుతుంది కాబట్టి దాన్ని ఆలోచించి రాయించుకోవడం మంచిది. లోపల మామూలుగా చూడనిచ్చేది మైక్రోఫిల్ముని, లేదా తెర మీద బొమ్మని. అసలు కాగితం చేతికి రావడం అరుదు. నలుపు తెలుపు ఫిల్ముతో ఒక కష్టం ఉంది. కౌంటీని ఏలే అధికారి, అంటే మేజిస్ట్రేట్, ఎర్ర సిరాతో రాసేవాడు, గుమస్తాలు నల్ల సిరాతో. ఫిల్ములో రెండూ నల్లగానే పడతాయి. ఎవరి చేయి ఏదో అక్షరం పోకడను బట్టి, కాగితం మీద అది పడిన చోటును బట్టి పోల్చుకోవాలి. విచారణ రోజున పిలిచిన పేర్ల పక్కన చుక్కలు కనిపిస్తాయి. అవి ఎర్రవని తెలిస్తేనే ఆ పూట మేజిస్ట్రేట్ ఎదుట ఎవరెవరు మోకరిల్లారో తెలుస్తుంది.

ఇక ఫైలు. ఒక వ్యాజ్యం కాగితాలన్నీ ఒకదానికొకటి అంటించి ఉంటాయి. మొదట అర్జీ. ఎవరికి తోచిన కాగితం మీద వాళ్ళు రాసుకొస్తే తీసుకునేవారు కాదు. గళ్ళు అచ్చు వేసిన కాగితం మీద గడికో అక్షరం చొప్పున రాసి, కచేరీ గుర్తించిన రాయసకాడి ముద్ర వేయించి ఇవ్వాలి. పేరు, వయసు, ఊరు, కచేరీ ఉన్న ఊరికి ఎంత దూరం అన్నీ ఉండాలి. అర్జీదారు ఆడమనిషి అయితే ఆమె తరఫున దాన్ని దాఖలు చేసే మగవాడి పేరు కూడా ఉండాలి. పొలం పనుల నెలల్లో, అంటే వాళ్ళ నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా, అప్పుల తగాదాలు, గట్టు తగాదాలు తీసుకోకూడదని చట్టం. అర్జీ చివర మేజిస్ట్రేట్ ఉత్తర్వు, తర్వాత బంట్రోతులకిచ్చిన వారంటు, వాళ్ళు తిరిగొచ్చి పెట్టుకున్న నివేదిక, విచారణలో వాంగ్మూలాలు, తీర్పు, ఆఖరున ఇరు పక్షాలూ ఒప్పుకుని రాసిచ్చిన ముచ్చలిక ఉంటాయి.

ఈ పనిలోని నేర్పంతా అర్జీనీ, వాంగ్మూలాన్నీ, ముచ్చలికనూ పక్కపక్కన పెట్టి చదవడంలోనే ఉందని నా నమ్మకం. అర్జీలో ప్రతివాడూ చావు దెబ్బలు తిన్నవాడే, ప్రతి ప్రత్యర్థీ ఊరిని పీడించే దుర్మార్గుడే. మేజిస్ట్రేట్ దృష్టి పడాలంటే అలా రాయాలని రాయసకాడికి తెలుసు. వాంగ్మూలంలో అదే మనిషి మాట్లాడే భాషలో, నేను అంటూ, తన భూమి ఎంతో, అప్పు ఎంతో, తల్లి ఎప్పుడు పోయిందో చెబుతాడు. అది కూడా ఉన్నదున్నట్టు అతని నోటి మాట కాదు, గుమస్తా సర్ది రాసిందే. ముచ్చలికకు వచ్చేసరికి అతనే నాలుగు ముక్కల్లో తప్పు ఒప్పుకుని, మళ్ళీ గొడవ పెట్టుకోనని రాసిస్తాడు. అర్జీ ఒక్కటే చదివి ఆ సమాజమంతా హింసేనని రాసిన వ్యాసాలు ఉన్నాయి. ముచ్చలికలు చదివి అంతా సామరస్యమేనని రాసినవీ ఉన్నాయి. మూడింటి మధ్య ఏం మారిందో, ఆ మార్పు ఎవరి ఒత్తిడి వల్ల వచ్చిందో చూసినప్పుడే మనిషి కనిపిస్తాడు.

భార్యలను అమ్ముకున్న కేసులు చూడండి. చింగ్ చట్టం దాన్ని నేరమంది. అయినా కరువులో, జబ్బులో, అప్పులో కూరుకుపోయిన మగవాడు తన భార్యను మరొకడికి పెళ్ళి పేరుతో ఇచ్చి డబ్బు తీసుకోవడం పేదల్లో సాగుతూనే ఉంది. చట్టం ఒప్పని బేరం కాబట్టి కాగితం గట్టిగా ఉండాలనుకునేవారు. చేవ్రాలు చాలదని భర్త అరచేయంతా సిరాలో ముంచి ఒప్పందం మీద అద్దేవాడు. కొన్నిటి మీద పాదం ముద్ర కూడా ఉంటుంది. తెర మీద ఆ అరచేయి పెద్దదై కనిపిస్తుంది. వేళ్ళు విడివిడిగా, గీతలు స్పష్టంగా ఉంటాయి. దాని పక్కనే ఉన్న అర్జీలో అదే భర్త, నా భార్యను ఎత్తుకుపోయారని మొరపెట్టుకుంటాడు. కొన్న మగవాడి దగ్గర ఇంకొంచెం డబ్బు రాబట్టడానికి కచేరీ మెట్లెక్కినవాడు అతను. అతన్ని దుర్మార్గుడని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. వాంగ్మూలంలో అతని ఇంటి పరిస్థితి ఉంటుంది. ఆమె మాట కూడా అక్కడే, కొన్ని వరుసల్లో ఉంటుంది. ఆ కొన్ని వరుసల కోసమే ఎంత పెద్ద ఫైలైనా ఓపిగ్గా చదవాలి. ఈ కేసుల మీద చరిత్రకారుడు మాథ్యూ సోమర్ 2015లో రాసిన పుస్తకం నిలబడింది అంటే, ఆయన ఫైళ్ళను చివరికంటా చదివాడు కాబట్టే.

కేటలాగు ఇంకో సంగతి. బా కౌంటీ ఫైళ్ళను తర్వాతి కాలపు ఉద్యోగులు చక్రవర్తులవారీగా, ఆపైన విషయాలవారీగా విడగొట్టారు: భూమి, అప్పు, కౌలు, కుటుంబం, స్త్రీలు, జూదం, నల్లమందు ఇలా. దానితో పని తేలికైన మాట నిజమే. కానీ భార్యను అమ్మిన కేసు అప్పుల కిందా ఉండొచ్చు, కొట్లాటల కిందా ఉండొచ్చు. స్త్రీలు అన్న శీర్షిక ఒక్కటే తెప్పించుకుని సిద్ధాంతం కట్టిన పరిశోధనను నేను నమ్మను. దీనికి భిన్నమైనది నాన్‌చోంగ్ నగర ఆర్కైవ్స్‌లో ఉన్న నాన్‌బు కౌంటీ దస్త్రం: 1656 నుంచి 1911 దాకా, 18,000 పైచిలుకు ఫైళ్ళు. అక్కడ కచేరీలోని శాఖలవారీ పాత అమరికనే ఉంచారు. ఏ గుమస్తా చేతికి ఏ వ్యాజ్యం వెళ్ళిందో అక్కడ తెలుస్తుంది. ఇది చిన్న విషయం కాదు. మేజిస్ట్రేట్ సొంత ప్రావిన్స్‌లో పనిచేయకూడదు, కొన్నేళ్ళలో బదిలీ అయిపోతాడు. స్థానికంగా పాతుకుపోయి ఉండేది గుమస్తాలూ బంట్రోతులే. వాళ్ళు లంచగొండులన్న పాత మాటను బా కౌంటీ ఫైళ్ళతోనే చరిత్రకారుడు బ్రాడ్లీ రీడ్ 2000లో ప్రశ్నించాడు. ఆ గుమస్తాల్లో, బంట్రోతుల్లో చాలామంది ప్రభుత్వ జాబితాలో లేనివాళ్ళు, ఫీజుల మీద బతికినవాళ్ళు. అయినా తమలో తాము కట్టుబాట్లు పెట్టుకుని, తగాదా వస్తే వాటినే చూపించి మేజిస్ట్రేట్‌ను న్యాయం అడిగారు.

తీర్పు లేని ఫైళ్ళ దగ్గర కొత్తవాళ్ళు నిరాశపడతారు. చరిత్రకారుడు ఫిలిప్ హువాంగ్ బా కౌంటీతో పాటు మరో రెండు చోట్ల నుంచి తీసిన 628 కేసుల్లో కచేరీ తీర్పు దాకా వెళ్ళినవి మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. మిగతావాటిలో చాలా వరకు ఊళ్ళో రాజీ అయ్యాయి, లేదా కాగితమే ఆగిపోయింది. ఆగిపోయిన ఫైలును పక్కన పెట్టవద్దని నా మాట. అర్జీ పడిందన్న భయంతోనే అవతలివాడు దిగివచ్చి ఉండొచ్చు. ఆ భయం కూడా చరిత్రే.

2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చైనా సవరించిన ఆర్కైవ్స్ చట్టం ప్రభుత్వ పత్రాలను 30 ఏళ్ళకు బదులు 25 ఏళ్ళకే తెరవాలంటోంది. ఆచరణలో మాత్రం చాలాచోట్ల ఒకప్పుడు చూపించిన కట్టలే ఇప్పుడు చూపించడం లేదు. నకళ్ళ మీద పరిమితులు పెరిగాయి. ఇది తప్పు. రెండు వందల ఏళ్ళ కిందటి కౌలు తగాదా బయటపడితే ఏ ప్రభుత్వానికీ వచ్చే నష్టం లేదు.

ఉన్న తలుపులు మూసుకోకముందే వాటిని వాడుకోవాలి. నాన్‌బు పత్రాలు అచ్చులో వచ్చాయి, బా కౌంటీవి కొన్ని సంపుటాలుగా 1989 నుంచే దొరుకుతున్నాయి. హైదరాబాద్, విశాఖ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు వాటిని తెప్పించాలి. చరిత్ర ఎం.ఏ. చదివే మన పిల్లల్లో ఒకరిద్దరైనా చైనీసు నేర్చుకుని, ఆ పైన పాత కచేరీ భాష నేర్చుకుని చెంగ్దూ వెళ్ళాలి. భాషకు నాలుగైదేళ్ళు పడుతుంది. ఇరవై ఏళ్ళ వయసులో మొదలుపెట్టండి.