నెత్తురు మీద నవ్వు: 'ట్రూ రొమాన్స్' ప్రేక్షకుల అభిప్రాయాల మీద ఒక దళిత పరిశీలన

సినిమా బాగుందా లేదా అన్నది ఒక ప్రశ్న. చూసినవాళ్ళు అందులో దేనికి నవ్వారు, దేనికి బాధపడ్డారు, దేన్ని పట్టించుకోకుండా దాటేశారు అన్నది ఇంకో ప్రశ్న. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పే సినిమా విమర్శకులు ఎప్పుడూ ఉన్నారు. రెండోదాన్ని అణగారిన కులాల నుంచి చదువుకొచ్చిన మనం అడక్కపోతే ఇంకెవరో అడుగుతారనే నమ్మకం మాకు లేదు. అందుకే 1993 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైన 'ట్రూ రొమాన్స్'ని, దాని కథ కంటే ఎక్కువగా దాని మీద వినిపించే అభిప్రాయాల్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాం.

కథ చెప్పుకోడానికి చిన్నదే. డెట్రాయిట్‌లో కామిక్ పుస్తకాల షాపులో పనిచేసే తెల్ల కుర్రాడు క్లారెన్స్. అతని పుట్టినరోజుకని యజమాని డబ్బిచ్చి పంపిన కాల్‌గర్ల్ అలబామా. ఇద్దరూ ప్రేమలో పడతారు, మర్నాడే పెళ్ళి చేసుకుంటారు. క్లారెన్స్ ఆమె దగ్గర సంపాదించే బ్రోకర్ని చంపేసి, ఆమె బట్టల పెట్టె అనుకుని కొకైన్ నిండిన పెట్టె తెచ్చుకుంటాడు. దాన్ని అమ్మడానికి ఇద్దరూ లాస్ ఏంజెలిస్ పోతారు. మాఫియా వెంటపడుతుంది. రాసింది క్వెంటిన్ టరాంటినో, తీసింది టోనీ స్కాట్. డెన్నిస్ హాపర్, క్రిస్టఫర్ వాకెన్, గ్యారీ ఓల్డ్‌మన్, బ్రాడ్ పిట్, వాల్ కిల్మర్ లాంటి పేరున్న నటులు చిన్న చిన్న వేషాల్లో వచ్చిపోతారు. హాళ్ళలో పెద్దగా ఆడలేదు. తర్వాత వీడియో క్యాసెట్ల మీదే అభిమానుల్ని సంపాదించుకుంది.

ఈ సినిమా గురించి చెప్పేవాళ్ళని వింటే మూడు మాటలు తరచుగా వినబడతాయి. ఒకటి, ఇంత నెత్తుటి మధ్యన కూడా ఇది నిజమైన ప్రేమకథ అని. రెండు, హింస మితిమీరింది, ముఖ్యంగా హోటల్ గదిలో అలబామాని గూండా కొట్టే సన్నివేశం చూడలేకపోయామని. మూడు, హాపర్, వాకెన్ ఎదురెదురుగా కూర్చున్న సన్నివేశం ఒక్కటి చాలు, టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటయినట్టేనని. మొదటి రెండు మాటల మీద వాదనలున్నాయి. మూడోదాని మీద మటుకు మెచ్చనివాళ్ళు తక్కువ. మా అభ్యంతరం మొదలయ్యేది అక్కడే.

ఆ సన్నివేశం ఇది. క్లారెన్స్ తండ్రి క్లిఫర్డ్ ఒకప్పటి పోలీసు, ఇప్పుడు వాచ్‌మన్. మాఫియా తరఫున కొకోట్టి వచ్చి కొడుకు ఎక్కడున్నాడో చెప్పమని హింసిస్తాడు. ఎట్లాగూ చావు తప్పదని తండ్రికి తెలిసిపోతుంది. కొడుకు జాడ చెప్పకుండా తొందరగా చావాలంటే ఎదుటివాణ్ణి రెచ్చగొట్టాలి. అందుకని ఒక సిగరెట్టు అడిగి తీసుకుని, తాపీగా చరిత్ర పాఠం మొదలుపెడతాడు. ఆఫ్రికా నుంచి వచ్చిన మూర్లు సిసిలీని గెలిచారనీ, సిసిలీ ఆడవాళ్ళతో కలిశారనీ, కాబట్టి కొకోట్టి ఒంట్లో నల్ల నెత్తురుందనీ చెప్తాడు. నల్లవాళ్ళని హీనపరిచే తిట్టుపదం మళ్ళీ మళ్ళీ వాడతాడు. కొకోట్టి పగలబడి నవ్వి, అతన్ని ముద్దుపెట్టుకుని, కాల్చి చంపేస్తాడు. కొడుకు అడ్రసు ఫ్రిజ్ మీదే దొరుకుతుంది.

నటన గొప్పదే, కాదనం. తండ్రి త్యాగమూ కదిలిస్తుంది. కానీ ఆ తండ్రి చేతిలో ఉన్న ఆయుధమేమిటి? నల్ల నెత్తురు కలవడం కంటే పెద్ద అవమానం లేదన్న ఒప్పందం. ఆ ఒప్పందం తిట్టినవాడికీ, తిట్టు తిన్నవాడికీ ఉంది. నవ్విన ప్రేక్షకుడికి కూడా ఎంతో కొంత లేకపోతే ఆ మాట అంత బలంగా పేలదు.

చరిత్రని ఎట్లా వాడుకున్నారో కూడా చూడాలి. 827లో ఉత్తర ఆఫ్రికా నుంచి అరబ్బు, బెర్బర్ సేనలు సిసిలీలో దిగాయి. 831లో పలెర్మోని పట్టుకున్నాయి. 1091 నాటికి నార్మన్లు ద్వీపమంతా గెల్చుకునేదాకా వాళ్ళ ప్రభావం సాగింది. నిమ్మ, నారింజ, చెరకు సాగు, నీటిపారుదల పద్ధతులు అక్కడ పెరిగింది ఆ కాలంలోనే. ఇంత చరిత్రలోంచి క్లిఫర్డ్ ఏరుకున్నది ఒక్కటే, ఎవడి ముత్తవ్వ ఎవడితో పడుకుందీ అన్నది. ఇది మనకి కొత్తా? ఒక కులాన్ని కించపరచాలంటే ఆ కులం ఆడదాని మీదికి పోవడం, పుట్టుకని తప్పుపట్టడం మన ఊళ్ళల్లో రోజూ వింటున్నదే. వర్ణసంకరం పాపమని రాసిన శాస్త్రాలకీ ఈ తెలివైన డైలాగుకీ మూలసూత్రం ఒక్కటే.

సినిమాని సమర్థించేవాళ్ళ మాట కూడా వినాలి. ఆ తిట్టు నల్లవాళ్ళ మీద కాదు, జాతి గర్వంతో ఉన్న ఆ మాఫియావాడి మీద, వాడి గర్వాన్ని బద్దలు కొట్టడానికే అంటారు వాళ్ళు. ఇందులో కొంత నిజముంది. కొకోట్టి మండిపోయేది వాడి లోపల అహంకారం ఉండబట్టే. దాన్ని అర్థం చేసుకోడానికి మనకి అంబేద్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత పనికొస్తుంది. 1891లో న్యూ ఆర్లియన్స్‌లో 11 మంది ఇటాలియన్లని గుంపు చంపేసింది, వాళ్ళలో ఎక్కువమంది సిసిలీవాళ్ళే. అప్పట్లో వాళ్ళని పూర్తి తెల్లవాళ్ళుగా లెక్కేసేవాళ్ళు కాదు. అక్కడ్నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ తెల్లతనంలోకి వచ్చారు. మెట్టెక్కినవాడికి కింది మెట్టుతో సంబంధం గుర్తుచేస్తే కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? మన దగ్గర కూడా తనపైనున్న కులం చేత మాటలు పడేవాడే కిందోణ్ణి చూసి మీసం తిప్పుతాడు.

కానీ ఒకడి గర్వాన్ని కొట్టడానికి మూడోవాణ్ణి కర్రగా వాడుకుంటే, దెబ్బ ఆ కర్రకి కూడా తగుల్తుంది. ఆ గదిలో నల్లవాడు ఒక్కడూ లేడు. మాట్లాడేదీ, నవ్వేదీ, చచ్చేదీ, చంపేదీ తెల్లవాళ్ళే. నల్లవాడు కేవలం ఒక తిట్టు. అయితే గదిలో లేకపోయినా హాల్లో ఉన్నాడు, టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నాడు. చుట్టూ జనం విరగబడి నవ్వుతుంటే అతను ఏం చెయ్యాలి? కులం పేరుతో తిట్టి నలుగురి ముందు అవమానించడాన్ని 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నేరమంది. సినిమా మీద కేసులు పెట్టాలని మేం అనడం లేదు. నలుగురి ముందు అన్న మాటకి అర్థమేమిటో ఈ దేశంలో మనకి తెలుసు కాబట్టి ఆ ప్రేక్షకుడి పక్కన కూర్చుని చూస్తున్నాం.

ఈ ఒక్క సన్నివేశమే అయితే ఇంత రాయనక్కర్లేదు. క్లారెన్స్ చంపిన బ్రోకర్ డ్రెక్సెల్ తెల్లవాడే, కానీ జుట్టూ, యాసా నల్లవాడిలా పెట్టుకుని తిరుగుతాడు. ఓల్డ్‌మన్ నటనని అందరూ పొగుడుతారు. ఆడదాన్ని అమ్ముకునే నీచుడికి నల్లవాడి వేషమే ఎందుకు వెయ్యాల్సొచ్చిందని అడిగేవాళ్ళు తక్కువ. వాణ్ణి చంపొచ్చానని చెప్తే అలబామా దాన్ని ప్రేమకి రుజువుగా తీసుకుంటుంది. 1991లో 'జంగిల్ ఫీవర్'కి కేన్స్‌లో అవార్డందుకున్న శామ్యూల్ జాక్సన్‌కి ఇక్కడ దక్కింది ఒక చిన్న వేషం, తుపాకి దెబ్బకి చావు. కథ లాస్ ఏంజెలిస్‌కి మారుతుంది. రాడ్నీ కింగ్‌ని కొట్టిన పోలీసుల్ని 1992 ఏప్రిల్‌లో జ్యూరీ దోషులనకపోతే తగలబడిన ఊరది, యాభై మందికి పైగా చచ్చిపోయారు. మరుసటి ఏడు వచ్చిన ఈ సినిమాలో ఆ ఊసే లేదు.

ఇక రెండో అభిప్రాయం. అలబామా దెబ్బలు తినే సన్నివేశం మీద జరిగే చర్చ న్యాయమైందే. చివరికి ఆమె తిరగబడి ఆ గూండాని చంపుతుంది కాబట్టి అది స్త్రీ శక్తి అని కొందరు, ఆమె నెత్తురు కారడాన్ని అంతసేపు చూపించడంలోనే ఏదో ఆనందం ఉందని కొందరు అంటారు. మేం రెండోవాళ్ళ వైపే. అయితే ఒక తేడా గమనించండి. నెత్తురు కారినచోట ప్రేక్షకులకి హింస కనబడింది. నెత్తురుని తిట్టినచోట హాస్యం కనబడింది. బెల్ హుక్స్ 1996లో 'రీల్ టు రియల్' పుస్తకంలో టరాంటినో సినిమాల మీద, 1997లో 'జాకీ బ్రౌన్' వచ్చినప్పుడు స్పైక్ లీ ఆ తిట్టుపదం వాడకం మీద నిలదీశారు. నల్లవాళ్ళు అడిగితేగానీ ఆ ప్రశ్న గట్టిగా పుట్టలేదు.

చివరగా, నిజమైన ప్రేమ అన్న మొదటి అభిప్రాయం. నెత్తురు కలవడం అవమానమన్న దేశంలో ప్రేమ ఎంత నేరమో అమెరికా చట్టాలే చెప్పాయి. 1924లో వర్జీనియా తెల్లవాళ్ళు నల్లవాళ్ళని పెళ్ళి చేసుకోకుండా కఠిన చట్టం చేసింది. 1967లో లవింగ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అలాంటి నిషేధాలు చాలా రాష్ట్రాల్లో నడిచాయి. మన దగ్గర చట్టం ఒప్పుకున్నా కులం ఒప్పుకోదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య పక్కన నడుస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడు నరికి చంపాడు. డబ్బిచ్చి చంపించింది ఆ అమ్మాయి తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. అక్కడ కూడా గొడవ ఏ నెత్తురు ఏ నెత్తురుతో కలిసిందన్నదే.

1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ కులాంతర వివాహమే అసలు మందన్నారు. నెత్తురు కలిస్తేనే మనుషులకి మేమంతా ఒకటన్న భావం వస్తుందన్నారు. క్లిఫర్డ్ తిట్టుగా విసిరిన మాట, అంబేద్కర్ దగ్గర మందు. ఈ రెండింటి మధ్యన ఎక్కడ నిలబడి నవ్వుతున్నామో తేల్చుకోవాల్సింది ప్రేక్షకుడే. సినిమా చూడొద్దని మేం అనం. విద్యార్థులకి చూపించే టీచర్లు ఆ సన్నివేశం అయిపోగానే ఒక నిమిషం ఆపి, ఎవరెవరు నవ్వారో, ఎందుకు నవ్వారో అడగాలని కోరుతున్నాం. నవ్వనివాళ్ళు తరగతిలో ఉంటే, ముందు వాళ్ళని మాట్లాడనివ్వండి.