వదిలెయ్, ముందుకు పో

ఎంసెట్‌కి ఈఏపీసెట్ అని పేరు మార్చి ఏళ్లవుతున్నా మా స్టాఫ్ రూంలో ఇంకా ఎంసెట్టే. పేరు ఏదైతేనేం, కొలత మారలేదు: 160 బిట్లు, 180 నిమిషాలు. భాగిస్తే బిట్టుకి అరవై ఏడున్నర సెకన్లు. ఈ అంకెను బోర్డు మీద రాసి పిల్లల్ని బెదరగొట్టే లెక్చరర్లు చాలామందే ఉన్నారు. నేను రాయను. కచ్చితంగా అంత సమయం తీసుకునే బిట్టు నాకెప్పుడూ కనపడలేదు. ఆవర్తన పట్టిక మీద అడిగింది తెలిస్తే పదిహేను సెకన్లలో తేలుతుంది, తెలియకపోతే పదిహేను నిమిషాలు చూసినా తేలదు. అతిపరావలయం మీద అడిగింది ఐదు నిమిషాలు మింగి, ఆఖర్న నాలుగు ఆప్షన్లలోనూ లేని జవాబొకటి చేతిలో పెట్టి పోతుంది.

తల్లిదండ్రులు వచ్చి "మావాడికి స్పీడు లేదండీ, కాస్త పెంచండి" అంటారు. గ్రాండ్ టెస్ట్ అయ్యాక రఫ్ షీట్లు చూడటం నాకు అలవాటు. తోటివాళ్లు నవ్వుతారు గానీ, మార్కుల లిస్టులో దొరకని సంగతులు అక్కడ దొరుకుతాయి. బిట్లన్నీ రెండేసి లైన్లలో పోతుంటాయి, ఉన్నట్టుండి ఒకచోట అర పేజీ. అదే సమీకరణం మూడుసార్లు, మూడోసారి పెన్ను గట్టిగా నొక్కి మరీ. టైమంతా అక్కడ పోయింది. అలా ఇరుక్కునేది ఎక్కువగా బాగా చదివేవాళ్లే. అసలు రాని బిట్టుని ఎవరైనా వదిలేస్తారు. వచ్చినట్టే ఉండి రానిదాంతోనే చిక్కు. అరగంట బస్టాపులో నిలబడ్డాక ఆటో ఎక్కబుద్ధి కానట్టు, నాలుగు నిమిషాలు పెట్టాక ఇంకొక్క స్టెప్పే కదా అనిపిస్తుంది. తేలికైనదానికీ కష్టమైనదానికీ ఇచ్చేది ఒక్క మార్కే అన్న సంగతి ఆ క్షణంలో గుర్తుండదు.

అందుకని సంక్రాంతి సెలవులయ్యాక నేను ప్రత్యేకంగా నేర్పేది వదలడమే. గడియారం చూసి వదలమంటే పని జరగదు. స్క్రీన్ మీద తరిగిపోయే నిమిషాలు చూస్తూ కూర్చుంటే అదో కాలయాపన. నీ చెయ్యి చూసుకోమంటాను. రాసిన లైనే మళ్లీ రాస్తున్నావా? పెన్ను ఆపి సీలింగ్ ఫ్యాన్ చూస్తున్నావా? అంతే సంగతి, తోచిన ఆప్షన్ ఒకటి పెట్టి, రివ్యూకి మార్క్ చేసి కదులు. జవాబు పెట్టి రివ్యూకి ఉంచినవాటినీ మూల్యాంకనంలోకి తీసుకుంటారు కాబట్టి భయం లేదు. పేపర్లో మొదట లెక్కలు 80, తర్వాత ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కంప్యూటర్ మీద ఏ సెక్షన్‌తోనైనా మొదలెట్టొచ్చు గానీ ఒకటో నంబరు కనపడగానే దాని మీద పడటం మనవాళ్ల నైజం. లెక్కలు చెప్పేవాణ్ణయి ఉండీ కెమిస్ట్రీతో మొదలుపెట్టమంటాను. మొదటి అరగంటలో నలభై బిట్లు చూసేస్తే గుండెదడ తగ్గుతుంది, లెక్కలకి బుర్ర తేటగా మిగులుతుంది.

ఇంతవరకూ నాకు పేచీ లేదు. షార్ట్‌కట్ల దగ్గరే మనసు కాస్త మెలిపెడుతుంది. సెకండియర్ ద్విపద సిద్ధాంతంలో ఒక లెక్క ఉంది. సి నాట్‌ని ఒకటితో, సి వన్‌ని మూడుతో, సి టూని ఐదుతో, అలా వరుసగా బేసి సంఖ్యలతో గుణించి కూడితే ఎంత? ఆ శ్రేణిని ఒకసారి ముందు నుంచి, దాని కిందే ఒకసారి వెనక నుంచి రాసి కూడితే ప్రతి గుణకం పక్కనా ఒకే సంఖ్య వచ్చి కూర్చుంటుంది. మిగిలిందల్లా గుణకాల మొత్తం, అది అందరికీ తెలిసిందే. బోర్డు మీద అది జరిగినప్పుడు వెనక బెంచీల్లోంచి కూడా "ఆఁ" అని వినపడుతుంది. నా జీతంలో సగం ఆ చప్పుడే అనుకుంటాను. అదే లెక్క ఎంసెట్‌లో వస్తే ఏం చెయ్యాలి? ఎన్ బదులు ఒకటి వెయ్యి. ఒకటీ మూడూ నాలుగు. ఏ ఆప్షన్లో నాలుగు వస్తుందో చూడు. రెండిట్లో వచ్చిందా, ఎన్ బదులు రెండు వెయ్యి, పన్నెండు రావాలి. పది సెకన్ల పని. ఇదీ నేనే చెప్తాను, సిగ్గుపడకుండానే చెప్తాను, కాకపోతే ఆ "ఆఁ" అయ్యాక చెప్తాను. జూన్లోనే షార్ట్‌కట్‌తో మొదలుపెట్టే చోట్లు ఉన్నాయి. అక్కణ్ణుంచి వచ్చిన పిల్లలు, ప్రశ్నలో ఎన్ స్థానంలో ఇరవై అని ఇచ్చేస్తే చాలు, బిక్కమొహం వేస్తారు.

దీనికి తోడు ఒకే పిల్లవాడు నెల తేడాతో రెండు రకాల ధైర్యం చూపించాలి. జేఈఈ మెయిన్‌లో 180 నిమిషాలకి 75 ప్రశ్నలే, కానీ తప్పుకి ఒక మార్కు కోత. తెలియనిది ఖాళీగా ఉంచడం అక్కడ తెలివి. ఎంసెట్‌లో కోత లేదు కాబట్టి ఖాళీ ఉంచడం తెలివితక్కువ, ఆఖరి పది నిమిషాలు మిగిలినవన్నీ నింపడానికే. నీట్ వాళ్ల సంగతి మరీ ఇరుకు. కోవిడ్ కాలంలో ఇచ్చిన ఛాయిస్‌నీ, అదనపు ఇరవై నిమిషాల్నీ 2025లో తీసేశారు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, ఓఎంఆర్ మీద గుండ్రాలు దిద్దడం కూడా అందులోనే.

లక్షల మందిని మూడు గంటల్లో వడపోయాలంటే ఇంతకన్నా దారేదీ అంటారు. కావచ్చు. నాకు తెలిసిన మంచి లెక్కల బుర్రల్లో సగం నెమ్మదివి. ఇలా ఎందుకు వచ్చిందబ్బా అని ఆగే పిల్ల ఈ జల్లెడలోంచి జారిపోతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఇంకో ఇబ్బంది. ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది, ఇక్కడ చదివి అనుమానమొచ్చి అక్కడ చదువుతారు. ఏడాదంతా ఇంగ్లిష్ బిట్లే చేయించి పరీక్ష రోజున రెండూ ముందు పెడితే ఎటు చూడాలో వాళ్లకి అలవాటెక్కడిది? మా గ్రాండ్ టెస్టులు కూడా రెండు భాషల్లోనే పెట్టమని మీటింగుల్లో అడుగుతూనే ఉన్నాను. ప్రింటింగ్ ఖర్చంటారు.

ఈ ఆదివారం మళ్లీ గ్రాండ్ టెస్ట్ ఉంది. మొదటి విడతలో ఏ బిట్లు వదిలారో నంబర్లతో సహా రాసుకు రమ్మన్నాను. ఒక్కటీ వదల్లేదని వచ్చినవాళ్ల రఫ్ షీట్లు ముందు చూస్తాను.