మిల్లీవోల్టు ఆచూకీ

గుండె కొట్టుకున్నప్పుడల్లా పుట్టే కరెంటు చర్మం దాకా వచ్చేసరికి సుమారు ఒక మిల్లీవోల్టు మిగులుతుంది. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు దానికి 1,500 రెట్లు. ఆ కాస్తదాన్ని పట్టి కాగితం మీద గీతగా దించడమే ఈసీజీ.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో విల్లెం ఐంథోవెన్ ఈ పనికి పూనుకునే నాటికి ఎలక్ట్రానిక్ యాంప్లిఫయర్ ఇంకా పుట్టనేలేదు. కరిగిన క్వార్ట్జ్‌ను బాణానికి తగిలించి వదిలితే వెంట్రుక కన్నా ఎంతో సన్నటి పోగు సాగుతుంది. దానికి వెండి పూత పూసి, అయస్కాంతం మధ్య బిగించి, గుండె కరెంటును దానిగుండా పోనిచ్చాడు. పోగు కదిలితే దాని నీడను పెద్దది చేసి ఫొటో తీశాడు. ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు, నడపడానికి అయిదుగురు కావాలి. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల తొట్లలో ముంచి కూర్చునేవాడు. పి, క్యూ, ఆర్, ఎస్, టి అంటూ డాక్టర్లు ఇప్పటికీ పిలిచే అలల పేర్లు ఆయన పెట్టినవే. 1924లో నోబెల్ వచ్చింది.

తొట్లు పోయి క్లిప్పులు, జెల్లు వచ్చాయి. అసలు చిక్కు మాత్రం పోలేదు. గదిలోని వైరింగు నుంచి 50 హెర్ట్జ్ కరెంటు గోల మన ఒంటి మీదికీ ఎక్కుతుంది, అదీ గుండె సంకేతం కన్నా ఎక్కువగా. అయితే ఆ గోల రెండు చేతుల మీదా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే యాంప్లిఫయర్ ఒకదాన్నుంచి ఒకటి తీసేసి, మిగిలిన తేడానే పెంచుతుంది. కుడికాలి తీగ పని ఇంకా తమాషాగా ఉంటుంది. గుండె గురించి అది చెప్పేదేమీ లేదు. చాలా యంత్రాల్లో గోలను తిరగేసి ఒంట్లోకే పంపి, దాన్ని అణచడానికే ఆ తీగ ఉంటుంది. నాకు ఈసీజీ మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన తెలివి ఇదే.

ఇంత చేసినా యంత్రం టెక్నీషియన్ చేతిలోనే ఉంది. ఏసీ చలికి రోగి వణికితే గీత కూడా వణుకుతుంది. రెండు చేతుల తీగలు తారుమారైతే ఆ రెంటి మధ్య తేడాను గీసే ఒకటో లీడు తలకిందులవుతుంది. ఛాతీ మీద మొదటి ఎలక్ట్రోడ్‌ను రొమ్ము ఎముకకు కుడి పక్కన, నాలుగో పక్కటెముకల సందులో పెట్టాలి. చెయ్యి తిరిగిన టెక్నీషియన్ మెడ కింది నుంచి వేలు జార్చి, ఎముక మీది గట్టు తగలగానే అక్కడ రెండో పక్కటెముకను గుర్తుపట్టి, సందులు లెక్కపెట్టుకుంటూ దిగుతాడు. హడావిడిలో కంటి అంచనాతో అంటిస్తే అది చాలాసార్లు పైకి పోతుంది. అప్పుడు లేని పాత గుండెపోటు ఉన్నట్టు కనిపించవచ్చు.

కాగితం మీద చిన్న గడి 0.04 సెకను, పది చిన్న గడుల ఎత్తు ఒక మిల్లీవోల్టు. పై అంచున యంత్రమే అచ్చువేసే 'నార్మల్' అన్న మాటను మాత్రం నేనంతగా నమ్మను. గుండెపోటు మొదలైనా తొలి ఈసీజీ మామూలుగానే రావచ్చు. అందుకే ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకు కాసేపాగి మళ్లీ తీస్తారు, పాతది ఉంటే పక్కన పెట్టి పోలుస్తారు. అలా పోల్చడానికి పాత గీత ఉండాలి కదా! చాలా యంత్రాలు వాడేది థర్మల్ కాగితం, బీరువాలో దాచినా కొన్నేళ్లకు వెలిసిపోతుంది. తీయించుకున్న రోజే జిరాక్స్ తీయించడమో, ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవడమో మేలు.