మేకులు కొట్టే చేతులు

గ్లాస్గోలో నాటకకళ చదువుకునే విద్యార్థినిని కథోలిక విశ్వాసం ప్రధానంగా ఉన్న చిన్న నాటిక ఒకటి, అరగంటకు మించకుండా, రంగస్థలం మీదికి తెమ్మంటే ఆమె ఏది ఎంచుకోవాలి? మరో ఊళ్ళో అయితే ఇది గ్రంథాలయంలో ఓ పూట వెతికితే తేలిపోయే విషయం. ఈ ఊరి చరిత్ర వేరు. 1560లో స్కాట్లండ్ పార్లమెంటు పోపు అధికారాన్ని తోసిపుచ్చి, పూజను నిషేధించింది. 1615లో జాన్ ఓగిల్వీ అనే జెస్యూట్ గురువును గ్లాస్గోలో ఉరితీశారు. తర్వాతి కాలంలో పొట్ట చేతపట్టుకుని ఐర్లండ్ నుంచి వచ్చిన కథోలికుల వాడల్లోనే 1887లో సెల్టిక్ ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. ఆ క్లబ్బుకీ రేంజర్స్‌కీ ఆట ఉన్న రోజున పాత వైరం ఎంతో కొంత పైకి తేలుతూనే ఉంటుంది. అందుచేత ఇక్కడ మతం మీద నాటిక వేసేవాళ్ళు ఎవరి పక్షాన నిలబడ్డారని ప్రేక్షకులు ముందుగా చూస్తారు.

మొదట తట్టేది ఓగిల్వీ కథే. 1976లో పునీతుడిగా ప్రకటించారు కనుక పేరూ తెలిసినదే. కాని అమరవీరుడి కథ ఇక్కడ సగం హాలు చేత చప్పట్లు కొట్టించి, తక్కిన సగాన్ని ముద్దాయిల బోనులో నిలబెడుతుంది. దర్శకత్వం నేర్చుకుంటున్న మనిషికి ఇది మంచి ఆరంభం కాదు.

రెండోది పదిహేనో శతాబ్దం చివరి నాటి 'ఎవ్రీమాన్'. మృత్యువు పిలిచినప్పుడు బంధువులూ సంపదా తప్పుకుంటే, మనిషి వెంట చివరిదాకా వెళ్ళేది చేసిన మంచి పని ఒక్కటే. పాపసంకీర్తనం, గురువుల మహిమ, దివ్య సంస్కారాలు అన్నీ ఇందులో ఉన్నాయి. నంది మల్లయ, ఘంట సింగనల 'ప్రబోధచంద్రోదయం' ఎరిగినవాళ్ళకు, గుణాలే పాత్రలై నడిచే ఈ పద్ధతి కొత్తేమీ కాదు. చిక్కల్లా నిడివితోనే. సుమారు తొమ్మిది వందల పాదాలు. అరగంటకు కుదిస్తే కథ పోయి నీతి మాత్రం మిగులుతుంది.

మూడోది 1904లో డబ్లిన్‌లో మొదట ఆడిన సింజ్ ఏకాంకిక 'రైడర్స్ టు ద సీ'. మనలో చాలామంది కాలేజీ పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. కొడుకులందరినీ సముద్రానికి అప్పజెప్పిన మోర్యా అనే తల్లి కథ. చిన్న ఫాదర్ ధైర్యం చెప్పాడంటారు గాని, ఆయన రంగం మీదికి రాడు. ఆయన చెప్పిన ధైర్యం కూడా నిలవదు. దీవించిన నీళ్ళు చల్లే ఆ తల్లి చేతిలో విశ్వాసం కంటే పురాతనమైన దుఃఖం ఉంది. గొప్ప నాటికే, సందేహం లేదు. అయితే ఇందులో గెలిచేది సముద్రం. పైగా డొనెగాల్ నుంచి వలస వచ్చినవాళ్ళ మనుమలు, మునిమనుమలు హాల్లో కూర్చుని ఉండగా, అరువు తెచ్చుకున్న ఐరిష్ యాసలో శోకాలు పెట్టించడం సాహసమే.

నా దృష్టిలో సరైన ఎంపిక ఇంకా పాతది, ఇంకా చిన్నది. అది యార్క్ నగరపు నాటకమాలలోని 'సిలువ వేయడం'. 1264లో నాలుగో అర్బన్ పోపు నెలకొల్పిన క్రీస్తు దివ్యశరీర పండుగనాడు, వీథివీథికీ బండ్లు లాక్కెళ్ళి, ఒక్కో వృత్తి సంఘం ఒక్కో ఘట్టం ఆడేది. సిలువ ఘట్టం వంతు మేకులు తయారుచేసేవాళ్ళది! మూడు వందల పాదాలు, అయిదుగురు నటులు, అంతే.

నలుగురు సైనికులు పనిలోకి దిగుతారు. క్రీస్తు తనంతట తానే సిలువ మీద పడుకుంటాడు. కొయ్యకు బెజ్జాలు కొలత తప్పి దూరంగా వేశారని అప్పుడు తెలుస్తుంది. మళ్ళీ వేసే ఓపిక ఎవరికీ లేదు. తాళ్ళు కట్టి, చేతులూ కాళ్ళూ బెజ్జాల దాకా గుంజుతారు. ఎత్తేటప్పుడు బరువని మూలుగుతారు, ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. పాతిన గుంట వెడల్పయిందని చెక్కముక్కలు దిగ్గొడతారు. ఇంత సందడిలోనూ క్రీస్తు మాట్లాడేది రెండేసార్లు, మొత్తం ఇరవైనాలుగు పాదాలు. రెండోసారి దారిన పోయేవాళ్ళని ఆగి చూడమంటాడు. ఆ దారిన పోయేవాళ్ళం మనమే.

ఇందులో ఎవరూ మతాన్ని బోధించరు, ఎగతాళీ చెయ్యరు. అయినా ఇది ఆసాంతం కథోలిక నాటికే. దేవుడు రొట్టెలో, నీళ్ళలో, నూనెలో చేతికి అందుతాడనే విశ్వాసం ఇక్కడ కొయ్యగా, తాడుగా, మేకుగా రూపం కట్టింది. మేకులు చేసేవాడే మేకు కొట్టేవాడి వేషం కట్టాడంటే, నేరం ఎక్కడో పాతకాలపు రోమనులది అని చెయ్యి దులుపుకునే వీలు లేదన్నమాట. మనకు అలవాటైన క్రీస్తు 'కరుణామయుడు' (1978) నాటి క్రీస్తు. ఆయన ముఖం చూసి కన్నీళ్ళు పెట్టుకుంటాం. యార్క్ క్రీస్తు దగ్గర ముందుగా కనిపించేది మన చేతులు. అప్పజెప్పిన పని ఎందుకని అడగకుండా, గడువులోగా, నేర్పుగా ముగించడమే గొప్పనుకునే ఉద్యోగజీవులకు, ముఖ్యంగా పరదేశంలో ఆ నేర్పునే నమ్ముకుని బతికే మనవంటివాళ్ళకు, ఇంతకంటే గుచ్చుకునే నాటిక నాకు కనబడదు.

ఈ నేలకిది పరాయిదీ కాదు. గ్లాస్గోకు దిగువన గ్రీనక్‌లో పుట్టిన బిల్ బ్రైడన్, లండన్ నేషనల్ థియేటర్‌లో 1977 నుంచి 1985 దాకా, టోనీ హారిసన్ రాసిన ప్రతితో ఈ నాటకాలను పెంచుకుంటూ వచ్చి, నటులకు నేటి కార్మికుల దుస్తులు తొడిగించారు. ఆయనే 1990లో గోవన్‌లో, పాత ఓడల కర్మాగారపు షెడ్డులో, 'ది షిప్' నాటకం ఆడించారు. సుత్తి చప్పుడు విలువ తెలిసిన ఊరిది.

అభ్యంతరాలు లేకపోలేదు. సిలువ నాటకాలు యూరప్‌లో యూదుల మీద ద్వేషం రగిలించిన చరిత్ర ఉంది. ఈ ఘట్టంలో యూదు పెద్దలెవరూ రంగం మీదికి రారు. సైనికులకు ఏ జాతి గుర్తులూ తగిలించకుండా ఉంటే చాలు. భాష పాతది, మాటలు మార్చుకోవచ్చు గాని, పన్నెండు పాదాల పద్యాన్ని నలుగురూ పంచుకునే లయను విరవకూడదు. ఆ లయే వాళ్ళ పనిపాట. నెత్తురు రంగు, విషాద సంగీతం అక్కర్లేదు. తాడు, కొయ్య, సుత్తి నిజమైనవి ఉంటే చాలు.

యార్క్‌లో ఈ నాటకాలు 1569 తర్వాత ఆగిపోయాయి. కొత్త మతానికి అవి పాత మతపు గుర్తులు. 1951లో తిరిగి ఆడినప్పుడు చూసినవాళ్ళలో అన్ని శాఖలవాళ్ళూ ఉన్నారు, ఏ శాఖా లేనివాళ్ళూ ఉన్నారు. పక్షాలు లెక్కపెట్టే ఈ ఊళ్ళో మన విద్యార్థిని మొదటి నాటికగా దీన్ని ఎంచుకుంటే, ఏ పక్షంవాళ్ళైనా ముందుగా చూసుకోవలసింది తమ చేతులనే.