కనిపెట్టు గంట

బి.కొత్తకోటలో గానీ, మదనపల్లె వీధుల్లో గానీ ఆదివారం పొద్దున ప్రార్థనా మందిరం ముందు నుంచి పోయేవాళ్లకు మైకు వినబడుతుంది, డ్రమ్ములు వినబడతాయి, మందిరమంతా ఒక్కసారిగా గొంతెత్తి చేసే ప్రార్థన వినబడుతుంది. ఆత్మ వరాలను నమ్మే సంఘాల గురించి బయటివాళ్ల ఎరుక చాలామటుకు ఈ చప్పుడు దగ్గరే ఆగిపోతుంది. ఆ నమ్మకం వేరు ఎక్కడుందో తెలియాలంటే చప్పుడు లేని కూటానికి పోయి కూర్చోవాలి. తెలుగు నేల మీద తెలుగువాడు మొదలుపెట్టిన బైబిలు మిషనులో అలాంటి కూటం ఉంది. దాన్ని సన్నిధి కూటం అంటారు.

మదనపల్లె, పుంగనూరు వైపు క్రైస్తవం మందుల పెట్టెతో వచ్చింది. అమెరికా ఆర్కాటు మిషను తరఫున జేకబ్ చాంబర్లిన్ 1863లో మదనపల్లెలో మకాం పెట్టాడు. ఆయన వైద్యుడు, బోధకుడు, తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడు. తర్వాత ఆసుపత్రి, బడులు, 1915 నుంచి ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం. జబ్బుతో, కరువుతో, అంటరానితనంతో నలిగిన పల్లెలకు ఇది ఎంత మేలు చేసిందో చెబితే తీరదు. అయితే ఆ సంఘాల్లో మాట పాదిరిది, వినడం సంఘానిది. దేవుడు నాతో కూడా మాట్లాడతాడా అని కూలిపని చేసుకునే మనిషి అడిగితే, వాక్యం చదువుకో అనేవారు. చదువు రానివాళ్లే ఎక్కువ ఉన్న రోజులవి.

ఆ ప్రశ్న మన దగ్గరే కాదు, చాలా చోట్ల పుట్టింది. 1905లో మహారాష్ట్రలోని కేడ్గావ్‌లో, పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషనులో, ఆడపిల్లలు ఏడుస్తూ, పాపాలు ఒప్పుకుంటూ రాత్రులు ప్రార్థనలో గడిపారు. మరుసటి ఏడు లాస్ ఏంజెలస్‌లోని అజూసా వీధిలో విలియం సేమర్ అనే నల్లజాతి బోధకుడి కూటాల నుంచి పెంతెకొస్తు ఉద్యమం లోకమంతా పాకింది. ఈ వరసలో కేడ్గావ్ ముందుందని మనవాళ్లలో చాలామందికి తెలియదు. తెలియాలి.

తెలుగులో ఆ ప్రశ్నకు జవాబు ముంగమూరి దేవదాసు అయ్యగారి నుంచి వచ్చింది. ఊరు గోదావరి జిల్లా జేగురుపాడు. లూథరన్ సంఘంలో పెరిగి, రాజమండ్రి లూథర్‌గిరిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1938 జనవరి 31న ప్రార్థనలో ఉండగా బైబిలు మిషను అనే మాట బంగారు అక్షరాల్లో కనబడిందని మిషను వారు చెబుతారు. 1960లో అయ్యగారు కన్నుమూశారు. ఇప్పటికీ జనవరి 27, 28, 29 తేదీల్లో గుంటూరు దగ్గర మహాసభలకు జనం తరలివస్తారు.

త్రియేక దేవుడు, సిలువ రక్షణ, బైబిలు ప్రమాణం, ఇవన్నీ పాత సంఘాలు నమ్మేవే. తేడా ఒక్క చోట వస్తుంది. అపొస్తలుల కాలంలో ఇచ్చిన వరాలు ఆ కాలంతోనే ముగిశాయా, ఈనాటికీ ఉన్నాయా? ఉన్నాయనేది బైబిలు మిషను, పెంతెకొస్తు సంఘాల గట్టి నమ్మకం. మొదటి కొరింథీ 12లో పౌలు చెప్పిన తొమ్మిది వరాలు, అంటే స్వస్థత, ప్రవచనం, భాషలు, ఆత్మల వివేచన వంటివి, ఇప్పటికీ సంఘం సొత్తే. కలలు, దర్శనాలు భక్తుల్లో ఏ ఒకరిద్దరికో రాసిపెట్టినవి కావు. తనకు కనబడమనీ, అందరికీ కనబడమనీ దేవుణ్ని అడగడం దేవదాసు గారు నేర్పిన ప్రార్థన. ఆ రెండో కోరికలోనే ఆయన గొప్పతనమంతా ఉంది. నాకు కనబడితే చాలు అనుకునేవాడు గురువై పీఠం వేసుకుంటాడు. అందరికీ కనబడాలని అడిగేవాడికి పీఠంతో పనిలేదు.

మరి కనబడేదాకా ఏం చేయాలి? ఇక్కడే సాధన వస్తుంది. సన్నిధి కూటంలో మోకరిస్తారు. మొదట పాపాలు ఒప్పుకుంటారు. చేసినవే కాదు, తలచినవీ అన్నవీ కూడా. మళ్లీ చేయకుండా బలమిమ్మని అడుగుతారు. తమను తాము అప్పగించుకుంటారు, స్తుతిస్తారు. ఆ తర్వాత నోరు మూసుకుంటారు. కోరికల చిట్టా చదవరు. మనసు అటూ ఇటూ పోతుంటే మెల్లగా వెనక్కి తెచ్చుకుని దేవుడి కోసం కనిపెడతారు. మొదటి రోజుల్లో వినబడేది మనసులోని సంత గోలే. చాలామంది అక్కడే విసిగి లేచిపోతారు. నిలిచినవాళ్లకు ఒక వాక్యం తట్టవచ్చు, ఒక దర్శనం రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. ఏమీ రాని గంట కూడా దేవుడి ఎదుట గడిపిన గంటే. ఈ ప్రాంతానికి మౌనం కొత్త కాదు. కొత్తకోటకు దగ్గర్లోని రిషివ్యాలీ బడిలో పిల్లలు పొద్దు గూకే వేళ మాట లేకుండా కూర్చుంటారు. కాకపోతే సన్నిధి కూటంలో మౌనం ఒక వ్యక్తి రాక కోసం.

వచ్చినదల్లా దేవుడి మాటేనా అంటే, కాదు. భాషలతో మాట్లాడేవారు ఇద్దరు ముగ్గురికి మించకూడదనీ, అర్థం చెప్పేవాడు లేకపోతే ఊరుకోవాలనీ, ప్రవచనాన్ని తక్కినవారు వివేచించాలనీ పౌలే హద్దు పెట్టాడు. దర్శనం వాక్యానికి ఎదురు పోతే తోసెయ్యాలి. ఒకరి పొలం మీదో, కోడలి నడత మీదో ప్రవచనం చెప్పే బోధకుడు ఈ హద్దు దాటినవాడే. అతని చుట్టూ జనం ఎంతమంది ఉన్నా నేను ఈ మాట మార్చుకోను. ఇతర మతాలనూ మిషనులనూ దూషించవద్దన్నది బైబిలు మిషను బోధలో ఉంది. ఇప్పటి మైకుల కాలంలో దాన్ని మరీ గట్టిగా పట్టుకోవాలి.

ఈ సంఘాల్లో నాకు మిక్కిలి విలువైనది సాక్ష్యం చెప్పే ఘడియ. టమోటా తోటలో కూలికి పోయే అక్క లేచి నిలబడి, తనకు దేవుడు చేసింది తన మాటల్లో చెబుతుంది. పాస్టరయ్యతో సహా అందరూ వింటారు. మీ కుమారులూ కుమార్తెలూ ప్రవచిస్తారన్న యోవేలు మాట ఆమె విషయంలో నిజమవుతుంది. ఊళ్లో మరెక్కడ ఆమెకు అంతసేపు మాట దక్కుతుంది?

సాక్ష్యాల్లో ఎక్కువ భాగం స్వస్థత గురించే. పెద్దలు నూనె రాసి ప్రార్థించాలని యాకోబు పత్రిక చెబుతుంది. బైబిలు మిషనులో స్వస్థిశాల కూటాలు అందుకే. ఆ ప్రార్థనను నేను గౌరవిస్తాను. కానీ ఇది ఆరోగ్యవరం ఉన్న గడ్డ. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన రెండు చోట్లలో మదనపల్లె ఒకటి. క్షయకు మందు కనీసం ఆరు నెలలు మింగాలి. దగ్గు తగ్గి, ఒళ్లు తేలికపడగానే బాగైపోయిందని మధ్యలో మానితే జబ్బు మందులకు లొంగకుండా తిరగబెట్టవచ్చు, ఇంట్లో పిల్లలకూ అంటవచ్చు. యేసు పదిమంది కుష్ఠరోగులను యాజకులకు కనబరచుకొమ్మని పంపాడు. ఆ కాలంలో బాగైందో లేదో చూసి చెప్పవలసినవాళ్లు వాళ్లే. ఈనాడు ఆ పని డాక్టరుది. క్షయ నయమైందన్న అక్కను పాస్టరయ్య సాక్ష్యానికి పిలిచే ముందు, మాత్రలు ఎన్ని నెలలు మింగావమ్మా, కఫం పరీక్షలో ఏమొచ్చింది అని అడగాలి. కోర్సు ముగియకపోతే నూనె రాసి, ప్రార్థన చేసి, ఆమెను మళ్లీ ఆసుపత్రికి పంపాలి.